తడిగడ్డి కింద పాదాలు

కరీంనగరం
10-1-1958

తమ్ముడు హనుమండ్లుకు,

రాజయ్య రాస్తున్నాను. ఇక్కడ నేనూ మీ వదిన బాలవ్వా బాగున్నాం. బెల్లంపల్లి పనిలో వరుస కలిపి నన్ను అన్నా అన్న నువ్వు, హాయిగా నిర్మల్ వెళ్ళిపోయి నీడన కూర్చుని బొమ్మలు చెక్కుకుంటున్నావు. నేను ఎండలో సిమెంటు తొక్కుతున్నాను. బెల్లంపల్లి రాత్రి బడిలో సారు నేర్పినట్టు పుస్తకపు తెలుగులోనే రాస్తున్నాను. తప్పులు కనిపిస్తే నీలో నువ్వు నవ్వుకో, మరదలు అనసూర్యకు చదివి వినిపించి ఇద్దరూ కలిసి నవ్వకండి.

సీతారాంరావు దొర పోలీసు చర్య తర్వాత మా ఊళ్ళో గడీ వదిలి కరీంనగరం వచ్చేశాడు కదా. ఇక్కడ ఇల్లూ, దాని పక్కనే బట్టల దుకాణమూ ఒకే ప్రహరీలో కట్టిస్తున్నాడు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి మేనేజరు బంగళా ముందు మనం వేసిన వాకిలి ఆయన ఎప్పుడో చూశాడట. సిమెంటు పోసి, అది ఆరకముందే నీ టేకు అచ్చులు ఒత్తితే నిజం బండలు పరిచినట్టు వచ్చిందే, అది. "గది ఎవ్వలు చేసిండ్రో వాన్నే పిలువుండ్రి" అన్నాడట. అట్లా నన్ను వెతికి పట్టుకున్నారు.

దుకాణం ముందరి భాగం అయిపోయింది. నువ్వు చూస్తే ఈర్ష్యతో చస్తావు. కంకర సిమెంటు సాఫు చేసి, పైన ఎర్రజాజు కలిపిన పొడి చల్లి, వేలు పెడితే గుంట పడాలి కానీ వేలికి అంటకూడదు, సరిగ్గా ఆ అదనులో అచ్చు అంటుకోకుండా రాతిపొడి చల్లి అచ్చు పెట్టి కొయ్యసుత్తితో కొట్టాను. బట్టలు కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి కూర్చుని, చేత్తో తడిమి, "నిజం బండనేనా?" అని అడుగుతున్నారు. నిజం బండే అని చెబుతున్నాను. నాకేం పోయింది?

ఇప్పుడు అసలు సంగతి. దొర తల్లి రుక్మాబాయి పుట్టిల్లు మీ ఆదిలాబాదు వైపే, మరాఠీ కలిసిన మాట. భాద్రపదంలో వాళ్ళ ఇంట మహాలక్ష్మిని పిలిచేటప్పుడు వాకిట్లోంచి లోపలి దాకా కుంకుమతో పాదాలు వేసేవారట. ఈ ఇంటికి గేటు నుంచి గడప దాకా చెరిగిపోని పాదాలు కావాలంటుంది. కొడుకు వద్దన్నాడు. "అందరు తొక్కుతరమ్మా, ఏమన్నయితే మల్ల నన్ననకు" అన్నాడు. ఆమె వినలేదు. "అంచుకెల్లి నడువుండ్రి. నా ఇంట్లకు లచ్చిమి రావాలె" అంది. కోడలు నిర్మలాదేవికి ఇంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. ముసలామె గుబులు ఆమెది.

ఫాల్గుణంలో గృహప్రవేశం. ఒక ఆడమనిషి పాదాల జత, ఎడమదొకటి కుడిదొకటి, టేకుతో చెక్కి తొందరగా పంపు. నిన్ను నమ్మి ఒప్పుకున్నాను.

నీ అన్న
రాజయ్య


నిర్మల్
27-1-1958

రాజన్నకు,

హనుమండ్లు దండాలు. నీ ఉత్తరం చేరింది. అచ్చులు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను, గోనె విప్పేటప్పుడు పార తగిలించకు. నీ చేతివాటం నాకు తెలుసు.

బొమ్మలు చేసే పొణికి కర్ర ఇలాంటి దెబ్బలకు ఆగదు. అందుకని పాత దర్వాజ టేకు వెతికి తెచ్చాను. పాదం ఎలా ఉండాలని మూడు రోజులు ఆలోచించాను. దేవుళ్ళ పటాల్లో పాదాలు అరటి దొప్పల్లా ఉంటాయి, నాకు నచ్చవు. చివరికి అనసూర్యను టేకు పలక మీద నిలబెట్టి చుట్టూ గీత గీశాను. "లచ్చిమి కాళ్లకు నా పగుళ్ల మడిమలు కావాల్నా, ఇంకెవ్వలు దొరకలేదా నీకు?" అని ఒకటే నవ్వు. కదలకుండా నిలబెట్టేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

గీసిన గీతకు వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. ఎడమ పాదం పలక వెనక ఒక గాటు, కుడిదాని వెనక రెండు గాట్లు పెట్టాను. నువ్వు తొందరపడి కలిపేస్తావని. బండల అచ్చు చెక్కితే బండే అవుతుంది, పువ్వు చెక్కితే పువ్వే. పాదం చెక్కడం నాకూ మొదటిసారి. బాగా వచ్చిందని బొమ్మలు చేసేవాళ్ళ నకాషీ వాడలో నలుగురూ అన్నారు.

రుక్మాబాయి గారు చూసి ఏమన్నదో మాట పొల్లుపోకుండా రాయి.

హనుమండ్లు


కరీంనగరం
10-2-1958

హనుమండ్లూ,

ఈ ఉత్తరం చదివిన వెంటనే చింపెయ్. అనసూర్యకు కూడా చదివి వినిపించకు.

మొన్న ఎనిమిదో తారీకున పాదాలు వేశాను. ఇంటి ముందు ఇక నడుమ బాట ఒక్కటే మిగిలింది, పొద్దున్నే సిమెంటు పోసి, అదను రాగానే గడప దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ గేటు దాకా వచ్చాను. పదకొండు జతలు. మీద రాతిపొడి ఉంటుంది కాబట్టి ఒత్తేటప్పుడు ఆకారం పూర్తిగా తెలియదు. గేటు దగ్గర లేచి నడుం నిటారు చేసుకున్నాను. బాలవ్వ కుంచెతో పొడి ఊడ్చుకుంటూ వస్తోంది. ఊడ్చి ఊడ్చి ఆగిపోయింది.

"ఇదేందయ్యా, లచ్చిమి బయటికి పోతున్నది" అంది.

చూశాను. గడప దగ్గర నుంచి గేటు దాకా పదకొండు జతల పాదాలూ ఇంట్లోంచి బయటికి నడుస్తున్నాయి. వేళ్ళన్నీ గేటు వైపు, మడిమలన్నీ ఇంటి వైపు. ఎర్రగా, అందంగా, ఒక్క వేలు చెదరకుండా. గేటు దగ్గరి మూడు జతలు ఇంకా మెత్తగానే ఉన్నాయి, తాపీ పెడితే చెరిగేవి. గడప దగ్గరివి అప్పటికే గట్టిపడ్డాయి. తాపీ వైపు చెయ్యి చాచాను. ఇంతలో దుకాణంలోంచి దొర దగ్గు వినబడింది. ఇద్దరం వరిగడ్డి ఎత్తి గబగబా కప్పేసి నీళ్ళు కొట్టాం.

నీకు తెలుసు, సిమెంటు ఇరవై ఒక్క రోజులు తడిగడ్డి కింద నానాలి. మార్చి ఒకటిన గడ్డి తీయాలి, రెండున గృహప్రవేశం. అప్పటి దాకా ఎవరూ చూడరు. ఆ తర్వాత ఊరంతా చూస్తుంది.

మా ఊళ్ళో ఈ దొర తండ్రి ఉన్నప్పుడు వడ్ల మల్లన్న అనే వడ్రంగి పొరపాటున దర్వాజ తలకిందులుగా నిలబెట్టాడు. ఆ ఏడే దొర తమ్ముడు చచ్చిపోయాడు. మల్లన్న ఇల్లు పీకించి, పెళ్ళాం పిల్లలతో సహా బండెక్కించి ఊరు దాటించారు. ఏ ఊళ్ళోనూ వాడి చేతికి ఎవరూ ఉలి ఇవ్వలేదు. సీతారాంరావు అప్పుడు పడుచువాడు, అరుగు మీద నిలబడి చూశాడు. నేనూ చూశాను. ఇప్పుడు దొరతనాలు పోయాయంటారు. పోతే పోయాయి, ఈ కోడలికి ఏమన్నా అయితే నా గతి ఏమిటి?

నీ అచ్చులే తిరగబడ్డాయి. ఉంగరపు ముద్ర వేస్తే అక్షరం తిరగబడదా? అది నీకు తట్టలేదు. ఎట్లా చెక్కావో ఏమో. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

రాజయ్య


నిర్మల్
14-2-1958

రాజయ్యకు,

ఉత్తరం చేరింది.

నేను తప్పు చెక్కలేదు. వేళ్ళు ముందుకు పెట్టి ఒత్తితే వేళ్ళు ముందుకే పడతాయి. కొయ్య దానంతట అది వెనక్కి తిరిగి నడవదు. మూడు తరాల నుంచి మా ఇంట్లో ఉలి పట్టినవాళ్ళమే. నీ పొరపాటు తెచ్చి నా నెత్తిన రుద్దకు.

చేయగలిగితే మార్చి ఒకటికి ముందే పగలగొట్టి మళ్ళీ సిమెంటు పోయ్. లేదంటే మూటాముల్లే సర్దుకుని బెల్లంపల్లి వెళ్ళిపో, అక్కడ బాయి పనిలో నిన్ను వెతికేవాడెవడు? అచ్చులు పొయ్యిలో పెట్టు. వాటి అంచున నా ముద్ర ఉంది.

ఇంకొక్క మాట. ఆ దొర బంధువులే ఇక్కడ నా బొమ్మలు కొనేది. అక్కడ ఎవరి ముందూ నా పేరు ఎత్తకు.

హనుమండ్లు


కరీంనగరం
18-2-1958

హనుమండ్లూ,

ఇంత పొడి ఉత్తరం నువ్వు రాయగలవని అనుకోలేదు. నీ పేరు ఎత్తకూడదా? సరే, ఇక్కడ ఎట్లా ఉందో విను, తర్వాత చెప్పు.

రుక్మాబాయి రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి బాట అంచున నిలబడుతుంది. "రాజయ్యా, జర గడ్డి లేపు, ఒక్క పాదం చూస్త" అంటుంది. గాలి తగిలితే పగుళ్ళు వస్తాయమ్మా అంటాను. "ఒక్క వేలన్న చూపియ్" అంటుంది. ఎండ తగిలితే రంగు పోతుందమ్మా అంటాను. వింటుంది, నా మొహం వైపే చూస్తుంది, వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. పది రోజుల్లో నేను ఆడినన్ని అబద్ధాలు నా జన్మలో ఆడలేదు. ఆమె చెప్పుల చప్పుడు వింటే చాలు, బకెట్టు అందుకుని తడిసిన గడ్డి మీదే మళ్ళీ నీళ్ళు కొడుతున్నాను.

పగలగొట్టమన్నావు. ప్రహరీ లోపల ఉలి దెబ్బ పడితే దుకాణంలో కూర్చున్న దొరకు వినబడదా? వచ్చి అడగడా? చెరిపి పైన పూత వేద్దామని దొడ్డి మూల ఒక ముక్క మీద చేసి చూశాను. రెండో రోజుకు అప్పడంలా లేచి వచ్చింది. పాత సిమెంటు మీద పల్చటి పూత పట్టదు. నీకు తెలియదు, నాకు తెలుసు, తెలిసీ చేశాను. అంత పిచ్చిగా ఉంది నా బుర్ర.

నిన్న కోడలు నిర్మలాదేవి కాళ్ళు వాచి, కళ్ళు తిరిగి పడిపోయింది. సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. ఎనిమిదో నెల. జట్కా గేటు దాటేటప్పుడు ఆమె మొహం చూశాను తమ్మీ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆ జట్కా నా పాదాల పక్క నుంచే పోయింది, అవి పోయే వైపే పోయింది. పాదాలకూ ఆ పిల్ల వాపుకూ సంబంధం లేదని పగలంతా నాకు నేను చెప్పుకుంటాను. నీళ్ళు కొట్టడానికి గడ్డి దగ్గరికి పోతే ఆ ధైర్యం ఎటు పోతుందో తెలియదు.

మూట కట్టాను. బాలవ్వను బయలుదేరమన్నాను. ఆమె తట్ట కింద పడేసింది. "నువ్వు పోతె పో. గా పొల్ల కడుపుతోటి దవాఖాన్ల పడ్డది. మనం గడ్డి కప్పి ఉరుకుదామా? ముసలామెకు చెప్పు. కొడితె కొట్టనీ" అంది. చెప్పలేను. నోరు తెరుస్తాను, మల్లన్న ఇంటి దూలాలు కూలిన చప్పుడు చెవుల్లో పడుతుంది, నోరు మూసుకుంటాను.

అచ్చులు కాల్చలేదు. ఇసుక కుప్పలో పూడ్చాను. దొర నిలదీసి అడిగితే నీ పేరు చెబుతాను. చెప్పకుండా ఉండే గుండె నాకు లేదు. ముందే తెలియాలని రాస్తున్నాను.

రాజయ్య


నిర్మల్
21-2-1958

అన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. అనసూర్య అడిగింది, చెప్పేశాను. తిట్టింది. ఆ తిట్లన్నీ రాయలేను.

నేను నీకు ఒకటి దాచాను. నీ మొదటి భయం ఉత్తరం వచ్చిన రోజే, జవాబు రాయకముందే, పెరట్లో తడిమట్టి చదును చేసి చూశాను. అచ్చులు నీకు పంపేశాను కదా, మళ్ళీ అనసూర్య పాదం గీసి, పలుచటి చెక్క మీద ఉన్నది ఉన్నట్టు కోసి ఒత్తాను. ఎడమ పాదం అచ్చు ఒత్తితే మట్టిలో కుడి పాదం పడింది. కుడిది ఒత్తితే ఎడమ. జత చేసి చూస్తే బొటనవేళ్ళు బయటి అంచులకు పోయి, వంకర కాళ్ళ మనిషి నడిచినట్టు ఉంది. బండకూ పువ్వుకూ ఎడమా కుడీ లేవు, అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. పాదాన్ని అద్దంలో కనబడేట్టు తిప్పి చెక్కాలి. నేను చెక్కలేదు. ఆ తప్పు నాది. అది తెలిసి కూడా మూడు తరాల ఉలి అంటూ నీకు ఆ ఉత్తరం రాశాను. సిగ్గుగా ఉంది. భయం మనిషి చేత ఏం రాయిస్తుందో చూడు.

కానీ అన్నా, వేళ్ళు మాత్రం ఇంటి వైపే ఉన్నాయి. వంకర కాళ్ళతోనైనా లక్ష్మి లోపలికే నడిచింది. మట్టిలో ఇంకా రకరకాలుగా ఒత్తి చూశాను. ఒక్కో పలకను వేళ్ళు మడిమ ఉండే వైపుకు వచ్చేలా తిప్పి పెడితే బొటనవేళ్ళు రెండూ నడుమకు వచ్చాయి, చక్కటి జత. అప్పుడే పాదాలు వెనక్కి తిరిగాయి. ఎడమ పలక కుడి చోట, కుడిది ఎడమ చోట పెడితే సరిపోయేది, కానీ నా గాట్లు నమ్మినవాడికి అది తట్టదు. నువ్వు మొదటి జత ఒత్తి చూసుకున్నావు, వేళ్ళు వంకరగా పడ్డాయి, సిమెంటు ఆరిపోతోంది, పలక తిప్పేశావు. వేళ్ళు కలిశాయని సంబరపడ్డావు కానీ అవి ఎటు చూస్తున్నాయో చూడలేదు. అవునా కాదా? నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ ఆ మాట లేదు. నేను సగం దాచాను, నువ్వు సగం దాచావు.

నీకు గుండె లేదన్నావు. నాకూ లేదు. కానీ ఆ పిల్ల దవాఖానాలో ఉందని చదివాక ఇక ఊరుకోలేకపోయాను. ఈ రోజే సీతారాంరావు దొర ఇంటి పేరున వేరే ఉత్తరం రాశాను, రేపు తపాలాలో వేస్తాను. అచ్చులు చెక్కింది నేను, తప్పు నాది, రాజయ్య చెప్పినట్టు ఒత్తినవాడే, శిక్ష ఏదైనా నాకే అని రాశాను. నీ సగం అందులో రాయలేదు. నీకు ఇది చేరిన ఒకటి రెండు రోజులకు అది దొర ఇంటికి చేరుతుంది అనుకుంటా. చేరేలోపు వెళ్ళిపోవాలనుకుంటే వెళ్ళిపో.

హనుమండ్లు


కరీంనగరం
27-2-1958

తమ్మీ హనుమండ్లూ,

వేళ్ళకు గుడ్డ చుట్టుకుని రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే సర్దుకుని చదువు. నిన్న జరిగింది జరిగిన వరుసలోనే రాస్తాను.

పలక తిప్పింది నేనే. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను. నువ్వు పక్కన నిలబడి చూసినట్టే రాశావు. మొదటి జత ఊది చూశాను, బాతు నడిచినట్టు ఉంది. చెరిపాను. అదను దాటిపోతోంది, ఎండ ఎక్కుతోంది. తిప్పి ఒత్తాను, బొటనవేళ్ళు కలిశాయి. శభాష్ రాజయ్యా అనుకున్నాను కూడా.

నీ ఉత్తరం నాకు మొన్న చేరింది. దొర పేరున ఇంకొకటి వస్తుందని తెలిసిన క్షణం నుంచి నాకు వేరే పని లేదు. దొర రెండు రోజులుగా దవాఖానాలోనే ఉన్నాడు, కోడలికి నొప్పులు మొదలై మధ్యమధ్య తెలివి తప్పుతోందట. నిన్న పొద్దున గేటు దగ్గర గడ్డి సర్దుతున్నట్టు కూర్చుని తపాలా ఆయన కోసం కాపు కాశాను. వచ్చాడు. నేనిస్తా లోపల అని కవరు చేతికి తీసుకున్నాను. నీ రాత. చొక్కాలో దోపుకుందామని గుండీ విప్పాను తమ్మీ. అబద్ధం ఎందుకు, దొంగిలిద్దామనే అనుకున్నాను.

"అగ్గబాయి, ఏం ఖతు గది రాజయ్యా?"

రుక్మాబాయి నా వెనకే ఉంది. రోజూ లాగే పాదాలు చూడటానికి వచ్చింది. నిర్మల్ నుంచి ఉత్తరమమ్మా అన్నాను. "కొడుకు లేడు. నాకు తెలుగు రాత రాదు. నువ్వే చదువు" అని అరుగు మీద కూర్చుంది.

కవరు చింపాను. చదివేవాడిని నేను, వినేది ఆమె. నేను ఏం చదివితే అదే ఉత్తరం. బొమ్మలు కావాలంటే కబురు పంపండి అని మొదలుపెట్టాను. ఒక్క వాక్యం చదివాను. ఆమె చేతిలో జపమాల తిరుగుతోంది, మనసు ఇక్కడ లేదు, పెదవులు కోడలి పేరే అంటున్నాయి. "తప్పు చదివిన అమ్మా, మల్ల చదువుత" అన్నాను. మొదటి నుంచి నువ్వు రాసిన ప్రతి మాటా చదివాను. తప్పు నాది, శిక్ష నాకే అన్న దగ్గర ఆగాను. అరుగు కింద నేల మీద కూర్చున్నాను.

"ఇందుల సగమే ఉన్నదమ్మా. తిప్పి ఒత్తింది నేను. వాడు ఆ మాట రాయలే. పద్దెనిమిది దినాలసంది నీకు అబద్ధం చెప్తున్న. నన్నేమన్న చెయ్యుండ్రి, వాన్ని విడిచిపెట్టుండ్రి" అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలియదు. ఏడుస్తూ అన్నాను.

ఆమె వేళ్ళ మధ్య జపమాల ఆగిపోయింది. తర్వాత ఏమందో తెలుసా?

"నాకెర్కనే. మూడో దినమే గడ్డి లేపి చూసిన."

బాట మీది గడ్డి వైపు చెయ్యి చూపించి మళ్ళీ అంది.

"కొడుకు వద్దన్నడు. నేనే మొండికేసి ఏయించిన. గిప్పుడు నా నోటితోటి ఎట్ల చెప్పాలె? కోడలికి ఏమన్నయితే నీ పాదాలే తీస్కపోయినయ్ అమ్మా అంటడు. నా మొకం ఇంకెన్నడు చూడడు. రోజు నీ తాన్కి వచ్చి గడ్డి లేపుమన్న. నువ్వు చెప్తె, గప్పుడు నేను చెప్దామని. నువ్వు చెప్పకపోతివి. నేను చెప్పకపోతి. గిన్ని దినాలు నాకు కన్నంటుకోలేదు రాజయ్యా."

ఆమె చెప్పుల చప్పుడుకు నేను వణికిపోయేవాడిని. ఆమె నా అబద్ధాలు వినడానికి వణుకుతూ వచ్చేది. ఆ ఎర్రటి ఎండలో అంత పెద్ద దొరసానీ నేనూ చెరొక పక్కన కూర్చుని ఏడ్చాం. ఈ మాట ఎవరికీ చెప్పకు, నమ్మరు కూడా.

ఆమే ముందు లేచింది. "ఉలి తే. పలగ్గొట్టు" అంది. దొరకు ఏం చెప్పాలమ్మా అన్నాను. "ఏమన్న అడిగితె నేనే కొట్టుమన్న అని చెప్త. తల్లి మాట. నువ్వు కొట్టు" అంది. బాలవ్వ అప్పటికే గడ్డి ఎత్తేస్తోంది. ఆమెను ఎవరూ పిలవలేదు.

గడప దగ్గర మొదలుపెట్టాను. పద్దెనిమిది రోజులు నానిన సిమెంటు, నా చేత్తో నేనే కలిపింది, ఇనుములా ఉంది. నా పనితనాన్ని నేనే తిట్టుకుంటూ కొట్టాను. అనసూర్యకు చెప్పు, ఆమె పాదాలంత అందమైనవి నేను ఎప్పుడూ ఒత్తలేదు, వాటిని పగలగొట్టేటప్పుడు దండం పెట్టుకునే కొట్టాను. ఒక్కొక్క జత పగిలినప్పుడల్లా రుక్మాబాయి ఒక అడుగు గేటు వైపు జరుగుతోంది. చుట్టుపక్కల వాళ్ళు గోడ మీద నుంచి చూస్తుంటే ఆమె గొంతెత్తి, "నాకు నచ్చలేదు, అందుకే తీయిస్తున్న" అని చెబుతోంది.

తొమ్మిది జతలు పగిలాయి. అప్పుడు జట్కా వచ్చి గేటు ముందు ఆగింది. సీతారాంరావు దొర దిగాడు. నా చేతిలో సుత్తి ఉంది. ఎదురుగా పగిలిన బాట, ఇంకా మిగిలిన రెండు జతల పాదాలు, నేరుగా ఆయన కాళ్ళ ముందు, ఆయన వైపే వేళ్ళు చూపిస్తూ. ఇక అయిపోయింది అనుకున్నాను. పద్దెనిమిది రోజులుగా నేను ఏ చూపుకు భయపడ్డానో ఆ చూపు కోసం తల వంచి నిలబడ్డాను.

ఆయన కిందికి చూడనే లేదు. పాదాల మీద అడుగు వేసి, పెళ్ళల మీద తడబడుతూ, తల్లి దగ్గరికి వచ్చి చిన్నపిల్లవాడిలా ఆమె భుజం పట్టుకున్నాడు.

"పిల్ల పుట్టింది. బతికే ఉన్నది. నిర్మలకు తెలివొస్తలేదమ్మా. నువ్వు రా. జల్ది రా" అన్నాడు.

ఆ గొంతు విని నాకు ఈయన కూడా భయపడతాడా అనిపించింది. గడీ అరుగు మీద నిలబడినవాడు ఆయనేనా అని చూశాను. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, చెప్పులు కూడా లేవు కాళ్ళకు.

రుక్మాబాయి కొంగు తల మీదికి లాక్కుని జట్కా వైపు నడిచింది. ఎక్కబోయి మళ్ళీ దిగి నా దగ్గరికి వచ్చింది.

"ఇంకెన్ని ఉన్నయ్?" అని మెల్లగా అడిగింది.

రెండు జతలమ్మా అన్నాను.

"జల్ది కొట్టు రాజయ్యా. నేను దవాఖాన చేరెటాలకు కావాలె."

జట్కా కదిలింది. నేను కొట్టాను తమ్మీ. బాలవ్వ రెండో సుత్తి అందుకుని అటు నుంచి కొట్టింది. ఉలి జారి నా వేళ్ళు చితికాయి, చూసుకోలేదు. దవాఖాన ఎంత దూరమో, జట్కా ఎక్కడి దాకా పోయి ఉంటుందో లెక్క కడుతూ కొట్టాను. ఆ పాదాలకు శక్తి ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే ఉండనీ, లేకుంటే లేకపోనీ, ఆ తల్లి కళ్ళు తెరవాలని ఒకటే అనుకుంటూ కొట్టాను. ఆఖరి మడిమ పొడి అయ్యాక ఇద్దరం ఆ పెళ్ళల మీదే కూర్చుండిపోయాం.

ఇవాళ పొద్దున జట్కా అతను వచ్చి రుక్మాబాయి పంపిన కబురు చెప్పాడు. కోడలమ్మ తెల్లవారాక కళ్ళు తెరిచి నీళ్ళు అడిగిందట. బిడ్డను పక్కన పడుకోబెట్టారట. నాకు చెప్పమని రెండుసార్లు చెప్పి పంపిందట. ఆ ముక్క విని బాలవ్వ గోడకు తిరిగి ఏడ్చింది.

గృహప్రవేశం వెనక్కి పోయింది, పురుడు వెళ్ళేదాకా లేదు. రేపు ఆ బాట మీద మళ్ళీ సిమెంటు పోస్తాను. రుక్మాబాయి ఏం అచ్చు వేయమంటుందో అడగలేదు, నేను అడగను కూడా. ఉత్త నున్నటి బాట పోస్తాను. దానిమీద ముందుగా ఎవరు లోపలికి నడిచినా సరే, ఆ పసిబిడ్డను ఎత్తుకుని రానీ.

నీ అన్న
రాజయ్య